ఆర్గాన్ వెల్డింగ్: పొద్దున వెండిలా మెరిసే జాయింట్లు మధ్యాహ్నానికి నల్లబడి చిల్లులు పడుతున్నాయి. కారణం ఏంటి?

ఆటోనగర్_స్టీలుషెడ్ | మే 26, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్ నాది. పదకొండేళ్లుగా హోటల్ కిచెన్ పనులే చేస్తున్నాను. సింకులు, అట్ల పెనం స్టాండ్లు, ఇడ్లీ బాయిలర్లు, అంతే. ఈ నెల మొదటిసారి పైపులైను పని ఒప్పుకున్నాను. మజ్జిగ ప్యాక్ చేసే ఒక చిన్న యూనిట్‌కి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, బయటి వ్యాసం 38 మి.మీ., మందం 1.6 మి.మీ. మొత్తం 46 జాయింట్లు. ఒప్పుకున్న రోజు సంతోషపడ్డాను, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

సమస్య ఇది. పైన వెల్డ్ మీద పిన్‌హోల్స్ (సూదిమొనంత చిల్లులు) వస్తున్నాయి. రంగు బూడిదలా, నల్లగా ఉంటోంది. ఒక జాయింట్ కోసి చూస్తే లోపలి వైపు మాడిన అట్టులా నల్లగా, గరుకుగా, పొక్కులు పొక్కులుగా ఉంది. పార్టీ వాళ్ల మేనేజర్ వేలితో తడిమి చూసి, "ఇందులో మజ్జిగ పోస్తే పురుగులు పెరుగుతాయి" అని వెళ్లిపోయాడు.

మెషిన్ 200 ఆంపుల ఇన్వర్టర్, డీసీ. 17 నంబర్ టార్చ్ (చేత్తో పట్టుకుని వెల్డ్ చేసేది), గాలితో చల్లబడే రకం. 1.6 మి.మీ. ఎర్ర టంగ్‌స్టన్ (ఆర్క్, అంటే కరిగించే మెరుపు, దీని కొన నుంచే వస్తుంది), 7 నంబర్ కప్పు (ఆ కొన చుట్టూ గ్యాస్ వదిలే తొడుగు), 308ఎల్ ఫిల్లర్ (జాయింట్‌లో కరిగించి నింపే కడ్డీ). కరెంటు 65 ఆంపులు, ఆర్గాన్ గ్యాస్ (వేడి లోహానికి గాలి తగలకుండా కాసేది) నిమిషానికి 10 లీటర్లు.

ఇప్పటిదాకా చేసినవి: సిలిండర్ రెండుసార్లు మార్చాను. టంగ్‌స్టన్ కొత్తది వేశాను. ఈ ఎండల్లో ఫ్యాన్ కూడా ఆపి చేస్తున్నాను. గొట్టం జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పెట్టి చూశాను, ఎక్కడా బుడగ లేదు. ఇంకేం చేయాలో చెప్పండి.

బెజవాడ_బ్రో | మే 26, రాత్రి 9:20

మెషిన్ పోయింది బ్రో. మార్చెయ్.

కానూరు_ఫ్యాబ్ | మే 26, రాత్రి 9:31

పై సలహా పట్టించుకోకండి. మెషిన్ పోతే ఆర్క్ నిలవదు, కరెంటు ఎగిరెగిరి పడుతుంది. చిల్లులు పడడం గ్యాస్ జబ్బు, లేదా మురికి జబ్బు. పైపు చివర్లు కోశాక లోపల బర్ర్ (కోసిన అంచున మిగిలే గరుకు) తీశారా? కటింగ్ ఆయిల్ తుడిచారా? బయట తుడిచి లోపల వదిలేసేవాళ్లు చాలామంది. అసిటోన్ గుడ్డతో రెండు వైపులా అంగుళం మేర తుడవాలి.

ఇంకొకటి, ఎర్త్ క్లాంప్ ఎక్కడ పెడుతున్నారు? టేబుల్‌కా, పైపుకా?

గుంటూరు_కారంమిల్లు | మే 26, రాత్రి 10:02

మీ సెట్టింగుల్లో నాకు పెద్ద తప్పేమీ కనిపించలేదు. స్టీలుకి ఒక మి.మీ. మందానికి దాదాపు 40 ఆంపులు అనే లెక్క పాతదే అయినా పనికొస్తుంది. 1.6కి 64, మీరు 65 పెట్టారు. 7 నంబర్ కప్పు అంటే రంధ్రం సుమారు 11 మి.మీ. (నంబర్ ఒక్కింటికి 1.6 మి.మీ. చొప్పున లెక్క). దానికి 8 లీటర్లు చాలు, 10 ఉన్నా కొంపేమీ మునగదు.

కానీ ఒక్క విషయం కచ్చితంగా చూసుకోండి. మీ సిలిండర్ మీద ఉన్నది ఫ్లోమీటరా, లేక మామూలు రెగ్యులేటరా? మా గుంటూరులో సగం షెడ్లలో గ్యాస్ కటింగ్ రెగ్యులేటర్‌నే ఆర్గాన్‌కి తగిలించి, "5 కేజీ పెట్టాను" అంటారు. అది ఒత్తిడి. ఎన్ని లీటర్లు వస్తోందో దేవుడికే తెలియాలి. అలా పెట్టిన చోట నిమిషానికి 25, 30 లీటర్లు పోతున్నా పోవచ్చు. గ్యాస్ ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటారు. కాదు. కప్పులోంచి అంత వేగంగా వస్తే సుడి తిరిగి చుట్టూ ఉన్న గాలిని తనే లోపలికి లాక్కుంటుంది. చిల్లులు తగ్గట్లేదని గ్యాస్ పెంచుతూ పోయేవాడు జబ్బును పెంచుకుంటున్నట్టే.

ఆటోనగర్_స్టీలుషెడ్ | మే 26, రాత్రి 10:15

ఫ్లోమీటరే అండి, గాజు గొట్టంలో గోలీ తేలే రకం. గోలీ నడుమ 10 దగ్గర ఉంది. ఎర్త్ పైపుకే పెడుతున్నాను. లోపల ఆయిల్ సంగతి నిజమే, మొదటి పది జాయింట్లకి బయటే తుడిచాను. తర్వాత నుంచి లోపల కూడా తుడుస్తున్నాను. కొంచెం తగ్గింది గానీ పోలేదు.

ఒక వింత ఉంది. చెబితే నవ్వుతారేమో. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టినప్పుడు వేసిన నాలుగైదు జాయింట్లు బాగానే వస్తున్నాయి, వెండి రంగు, లేదంటే లేత బంగారు రంగు. పదిన్నర, పదకొండు నుంచి చెడుతున్నాయి. మా కుర్రాడు రాహుకాలం అంటున్నాడు.

పటమట_పాతమేస్త్రి | మే 26, రాత్రి 10:48

బాబూ, నీ పోస్టు మొత్తంలో అసలు విషయం చివరి నాలుగు లైన్లలో ఉంది. అది ముందే చెప్పాల్సింది. సెట్టింగులు నలుగురూ అడుగుతారు. నేను నలభై ఏళ్లుగా ముందు అడిగేది ఒకటే: జబ్బు ఏ వేళకి వస్తోంది?

పొద్దున్నే మొదటి రెండు మూడు జాయింట్లు చెడి, తర్వాత వాటంతటవే బాగుపడితే అది గొట్టంలో చెమ్మ. రాత్రంతా పనిలేక ఉన్న గొట్టంలోకి తడి గాలి చేరుతుంది. నీది దానికి సరిగ్గా తిరగబడింది. చల్లగా ఉన్నప్పుడు బాగుంటోంది, పని సాగాక చెడుతోంది. అంటే ఏదో వేడెక్కి వదులవుతోంది, లేదా ఆ వేళకి షెడ్‌లో ఏదో మారుతోంది. రాహువు కాదు.

నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు.
భోజనం తర్వాత వేసే మొదటి జాయింట్ ఎలా వస్తోంది?
పదిన్నరకి టార్చ్ పట్టుకుంటే చేతికి ఎంత వేడి?
పైపులు కాక మధ్యలో ఆ టార్చ్‌తోనే ఇంకేమైనా వేస్తున్నారా?
ఆర్క్ ఆపాక టంగ్‌స్టన్ ఏ రంగులో ఉంటోంది, కొన వరకేనా, కప్పు లోపలి దాకానా?

ఆటోనగర్_స్టీలుషెడ్ | మే 27, ఉదయం 6:50

గురువుగారూ, మీకంటే ముందు ఇవి ఎవరూ అడగలేదు, నేనూ గమనించలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుని చెబుతున్నాను.

భోజనం తర్వాత మొదటి రెండు బాగుంటాయి. మూడోది నుంచి మళ్లీ అదే కథ. టార్చ్ పిడి బాగా కాలుతుంది, గ్లౌజు మీంచి కూడా తెలుస్తుంది. పైపుల లైనుకి స్టాండ్లు కూడా మావే. మా కుర్రాడు 3 మి.మీ. కాళ్లు, ప్లేట్లు అదే టార్చ్‌తో 115 ఆంపుల్లో వేస్తాడు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి. టంగ్‌స్టన్ నీలంగా, నల్లగా అవుతోంది. పోస్ట్ ఫ్లో (ఆర్క్ ఆపాక కూడా గ్యాస్ వచ్చే సమయం) 8 సెకన్లు పెట్టాను కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడే విప్పి చూశాను, కప్పు లోపల దాక్కున్న భాగం కూడా నీలంగానే ఉంది.

పటమట_పాతమేస్త్రి | మే 27, ఉదయం 7:25

పోస్ట్ ఫ్లో పది ఆంపులకి ఒక సెకను చొప్పున పెట్టుకుంటే సరిపోతుంది. 65 ఆంపులకి 8 సెకన్లు ఎక్కువే. కొన ఒక్కటే నల్లబడితే పోస్ట్ ఫ్లో చాలలేదనో, చెయ్యి ముందే తీసేశావనో అనుకోవాలి. లోపలి భాగం కూడా నీలం పడిందంటే గాలి ముందునుంచి కాదు, వెనకనుంచి వస్తోంది.

టార్చ్ వెనక టోపీ ఉంటుంది చూడు, బ్యాక్ క్యాప్. దాని మెడలో చిన్న రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. ముందు వైపు కప్పు దగ్గర తెల్లటి ఇన్సులేటర్ వాషర్ ఉంటుంది. ఈ రెండూ చూడు. రింగు ఎండి గట్టిపడితే చల్లగా ఉన్నప్పుడు ఎలాగో అతుక్కుని ఉంటుంది. టార్చ్ కాగేసరికి టోపీ వదులై సందు పడుతుంది. గ్యాస్ ముందుకు దూసుకుపోతుంటే ఆ సందులోంచి బయటి గాలిని పీలుస్తుంది. గ్యాస్ బయటకి కారడం వేరు, గాలి లోపలికి రావడం వేరు. నీ సబ్బు నురగ మొదటిదాన్ని పట్టుకుంటుంది గానీ రెండోదాన్ని పట్టుకోలేదు. కప్పు తెరిచి ఉన్నప్పుడు టార్చ్ తలలో ఒత్తిడి దాదాపు ఉండదు కదా, బుడగ ఎలా వస్తుంది?

పరీక్ష ఇలా చెయ్యి. టార్చ్ కాగి ఉన్నప్పుడే మెషిన్ ఆపి టంగ్‌స్టన్ ముందుకి పొడుచుకు రాకుండా వెనక్కి లాగు. మెషిన్ మీద గ్యాస్ చెక్ బటన్ ఉంటే దాంతోనే గ్యాస్ వదులు. కప్పు నోరు వేలితో మూసి టోపీ చుట్టూ నురగ పెట్టు. అప్పుడు బుడగలు వస్తాయి. టార్చ్ స్విచ్ మాత్రం నొక్కకు.

తెనాలి_గ్రైండర్ | మే 27, ఉదయం 7:41

స్విచ్ ఎందుకు నొక్కకూడదో నేను చెబుతాను. నేను నొక్కాను. ఆర్క్ అంటించే హై ఫ్రీక్వెన్సీ మెరుపు వేలి కొన మీద చిన్న తెల్లటి చుక్క కాల్చిపెట్టింది. ఆవగింజంత మచ్చ, పది రోజులు మండింది. గ్యాస్ చెక్ బటన్ లేని మెషిన్ అయితే లిఫ్ట్ ఆర్క్ (ఆ మెరుపు లేకుండా, తాకించి ఆర్క్ అంటించే) మోడ్‌కి మార్చి, టంగ్‌స్టన్ పూర్తిగా తీసేసి, ఎర్త్ ఊడదీసి చేయండి.

సింగ్‌నగర్_షెడ్ | మే 27, ఉదయం 8:30

మేస్త్రిగారూ, మీరు చెప్పిన మొదటి రకం జబ్బు అచ్చంగా నాది! పొద్దున మొదటి మూడు నాలుగు జాయింట్లలో చిన్న చిన్న చిల్లులు, తర్వాత శుభ్రం. నాకు అలవాటైపోయి రోజూ పొద్దున పాత ముక్కల మీద వెల్డ్ చేసుకుని తర్వాత అసలు పని మొదలుపెడుతున్నాను.

నా షెడ్ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగింది. నడుముల్లోతు నీళ్లు, నాలుగు రోజులు. మెషిన్ బోర్డులు మార్పించాను. గొట్టం మాత్రం కడిగి ఆరబెట్టి అదే వాడుతున్నాను. ఎర్ర రబ్బరు గొట్టం, పాత గ్యాస్ కటింగ్ సెట్టుది.

పటమట_పాతమేస్త్రి | మే 27, ఉదయం 9:05

పారెయ్ నాయనా. రబ్బరు గొట్టం గోడల్లోంచే చెమ్మ నెమ్మదిగా లోపలికి వస్తుంది, వరద లేకపోయినా. వరద నీళ్లు తాగిన గొట్టం సంగతి చెప్పాలా. ఆర్గాన్‌కి పనికొచ్చే పీవీసీ, పాలియురేథేన్ గొట్టాలు మీటర్ల లెక్కన దొరుకుతాయి. మార్చేవరకు పొద్దున్నే రెండు నిమిషాలు గ్యాస్ ఊరికే వదిలి తర్వాత మొదలుపెట్టు. పాత ముక్కల మీద ఫిల్లర్, కరెంటు తగలేసేకంటే అది చవక. ఫిల్లర్ రాడ్లు కూడా నీళ్లలో ఉన్నవే అయితే స్టీలు ఊలుతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి వాడు. ఇనుము ఫిల్లర్ తుప్పు పట్టి ఉంటే వాడకు.

విజయవాడ_డీసీమిత్రుడు | మే 27, ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది అల్యూమినియం సమస్య. స్కూటరు ఇంజిన్ కేస్ పగిలితే వేయడానికి కొత్త టిగ్ (ఆర్గాన్ వెల్డింగ్) మెషిన్ తీసుకున్నాను. అల్యూమినియం కరగదు, పైన ముడతలు పడ్డ తోలులా అవుతుంది, కింద కూలిపోతుంది. నాలుగు రోజులుగా ఆంపులు, గ్యాస్, ఫిల్లర్ అన్నీ మార్చాను. టంగ్‌స్టన్ ఆకుపచ్చది కూడా తెచ్చాను.

గుంటూరు_కారంమిల్లు | మే 27, ఉదయం 11:34

ఏసీ బ్యాలెన్స్ ఎంతలో పెట్టారు?

విజయవాడ_డీసీమిత్రుడు | మే 27, ఉదయం 11:36

ఏసీ బ్యాలెన్స్ అంటే ఏ నాబ్ అండి? నా దాని మీద ఆంపులు, పోస్ట్ ఫ్లో రెండే ఉన్నాయి.

గుంటూరు_కారంమిల్లు | మే 27, ఉదయం 11:52

అయ్యో. మీది డీసీ మాత్రమే ఉన్న మెషిన్ అండి. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు తిప్పినా దాంతో ఆ పని కాదు. పేరులో డీసీ అని పెట్టుకున్నారు కదా, అందులోనే జవాబు ఉంది :)

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీద ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. మీరు చూస్తున్న ముడతల తోలు ఆ పొరే. లోపల పాలు కాగుతున్నాయి, పైన మీగడ చెదరడం లేదు అనుకోండి. ఏసీలో ఒక సగం ఆ పొరను చీల్చి శుభ్రం చేస్తుంది, రెండో సగం కరిగిస్తుంది. ఏసీ ఉన్న మెషిన్ ఎవరి దగ్గరైనా పట్టుకెళ్లి వేయించుకోండి. పాత ఇంజిన్ కేస్ అయితే ఆయిల్ పీల్చుకుని ఉంటుంది. ఎంత తుడిచినా వేడికి ఊరి పైకి వస్తుంది. రెండు మూడుసార్లు వేడిచేసి తుడిచి, పగులు చివర రంధ్రం వేసి, వి ఆకారంలో కోసి, 4043 ఫిల్లర్‌తో వేయాలి. మొదటి లేయర్ నల్లగా వస్తే గ్రైండ్ చేసి మళ్లీ వేయాలి. ఓపిక పని.

విజయవాడ_డీసీమిత్రుడు | మే 27, మధ్యాహ్నం 12:05

అమ్మినవాడు "అన్నీ అవుతాయి సార్" అన్నాడు. సరే. ఈ మెషిన్‌తో స్టీలు అవుతుంది కదా? ఇంట్లో గేటుకి పని ఉంది.

తెనాలి_గ్రైండర్ | మే 27, మధ్యాహ్నం 12:11

అవుతుంది. గేటు జీఐ పైపు అయితే మాత్రం జింకు పూత గీకేసి, గాలి తగిలేచోట, మాస్క్ పెట్టుకుని వేయండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

పాలపైపు_పని | మే 27, మధ్యాహ్నం 1:40

అసలు సమస్యకి వస్తాను. పాత మేస్త్రిగారు బయటి చిల్లుల సంగతి పట్టుకున్నారు. లోపలి "మాడిన అట్టు" వేరే సమస్య. ఓ-రింగ్ మార్చినా అది పోదు, పొద్దున వేసిన మెరిసే జాయింట్లలో కూడా లోపల అదే ఉంటుంది. కోసి చూడండి.

పైన కప్పులోంచి ఆర్గాన్ కాపలా కాస్తోంది. పైపు లోపల ఎవరూ లేరు. అక్కడ వేడి స్టీలు గాలితో కలిసి మాడి, పంచదార పాకం పొంగి గడ్డకట్టినట్టు అవుతుంది. క్రోమియం కాలిపోతుంది కాబట్టి అక్కడే తుప్పు మొదలవుతుంది, పొక్కుల సందుల్లో పాలు, మజ్జిగ ఇరుక్కుంటాయి. మీ మేనేజర్ అన్న మాట కరెక్టే. పాలు, మజ్జిగ, జ్యూసు లైన్లకి లోపల కూడా ఆర్గాన్ నింపాలి. పర్జింగ్ అంటాం.

పెద్ద ఖర్చేమీ కాదు. లెక్క చూడండి. మీ పైపు లోపలి వ్యాసం 34.8 మి.మీ., మీటరు పొడవుకి లోపల పట్టేది ఒక లీటరు లోపే. 3 మీటర్ల ముక్కకి 3 లీటర్లు. లోపలి గాలి పూర్తిగా పోవాలంటే ఐదారు రెట్లు గ్యాస్ పంపాలి, అంటే 18 లీటర్లు. నిమిషానికి 6 లీటర్లు పెడితే 3 నిమిషాలు. జాయింట్‌కి రెండు వైపులా దగ్గర్లో అడ్డం పెట్టుకుంటే అంత పొడవు కూడా నింపక్కర్లేదు. 7 ఘనపు మీటర్ల సిలిండర్ అంటే 7,000 లీటర్లు. నిమిషానికి 8 లీటర్లు వాడితే పద్నాలుగు గంటలకి పైగా ఆర్క్ నడుస్తుంది. దీన్నిబట్టి పర్జింగ్‌కి ఎంత పోతుందో మీరే వేసుకోండి.

పైపు నిలువుగా ఉంటే గ్యాస్ కిందనుంచి పంపండి, పైన చిన్న రంధ్రం వదలండి. ఆర్గాన్ గాలికంటే బరువు, అడుగున చేరి గాలిని పైకి తోస్తుంది. జాయింట్ చుట్టూ అల్యూమినియం టేపు అంటించి, వెల్డ్ చేసేంత మేర తీస్తూ వెళ్లండి. బయటకి పోయే దారి మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి చివర్లో, కీ-హోల్ (కరిగేచోట ఉండే చిన్న రంధ్రం) మూసేటప్పుడు కరిగిన లోహాన్ని ముఖం మీదకి ఊదుతుంది. ఆఖరి అంగుళంలో చిల్లు పడుతోంది అనేవాళ్లలో చాలామందిది ఇదే. చివరికి వచ్చేసరికి లోపలి గ్యాస్‌ని 2, 3 లీటర్లకి తగ్గించండి. వెల్డ్ అయ్యాక వెంటనే ఆపకుండా జాయింట్ రంగు దిగేవరకు వదలండి.

పైపు కాకుండా ట్యాంకు పర్జ్ చేస్తే మాత్రం జాగ్రత్త. ఆర్గాన్‌కి వాసన లేదు, రంగు లేదు. అందులో తల పెట్టి చూసినవాడికి ఊపిరాడకపోవడం తెలియకుండానే స్పృహ పోతుంది.

కానూరు_ఫ్యాబ్ | మే 27, మధ్యాహ్నం 2:15

గాలి తగలకుండా లోపల పూసే ఫ్లక్స్ పొడి దొరుకుతుంది కదా, ఆల్కహాల్‌లో కలిపి పూస్తే పర్జింగ్ అక్కర్లేదు. మేం పొగగొట్టాలకి అలాగే చేస్తాం.

పాలపైపు_పని | మే 27, మధ్యాహ్నం 2:22

పొగగొట్టానికి భేషుగ్గా పనికొస్తుంది. మజ్జిగ పైపుకి వద్దు. ఆ ఫ్లక్స్ గాజులా గట్టిపడి లోపల ఉండిపోతుంది, 38 మి.మీ. పైపులో చెయ్యి దూరదు, ఎలా తీస్తారు?

కానూరు_ఫ్యాబ్ | మే 27, మధ్యాహ్నం 2:25

అదీ నిజమే.

బెజవాడ_బ్రో | మే 27, మధ్యాహ్నం 3:03

ఆయిల్ తుడవడానికి అసిటోన్ ఎందుకు బ్రో, బ్రేక్ క్లీనర్ స్ప్రే కొడితే క్షణంలో పోతుంది. ఆటోనగర్‌లో ఏ షాపులో అయినా ఉంటుంది.

పాలపైపు_పని | మే 27, మధ్యాహ్నం 3:10

దయచేసి ఈ పోస్టు చూసి ఎవరూ చేయకండి. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న సాల్వెంట్ ఉంటుంది. అది తడిగా ఉండగానే ఆర్క్ వేస్తే, ఆ వేడికీ వెలుగుకీ ఫాస్జీన్ తయారవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వదిలిన విషవాయువు అదే. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అసిటోన్ వాడండి, పూర్తిగా ఆరాక ఆర్క్ వేయండి, డబ్బా దూరంగా పెట్టండి.

బెజవాడ_బ్రో | మే 27, మధ్యాహ్నం 3:31

ఓహ్. ఇది తెలీదు. రెండేళ్లుగా వాడుతున్నా. డబ్బా మీద చూస్తే నిజంగానే క్లోరో అని ఏదో రాసి ఉంది. రేపటినుంచి బంద్.

తెనాలి_గ్రైండర్ | మే 27, సాయంత్రం 5:50

ఎర్ర టంగ్‌స్టన్ గురించి కూడా ఒక మాట. అందులో 2 శాతం థోరియం ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. పట్టుకుంటే ఏమీ కాదు, గ్రైండ్ చేసినప్పుడు లేచే దుమ్ము పీల్చకూడదు. బూడిద రంగు మూతిది గానీ, లాంథనం కలిసిన బంగారు రంగుదో నీలం రంగుదో గానీ వాడితే ఆ తలనొప్పి లేదు.

పటమట_పాతమేస్త్రి | మే 27, సాయంత్రం 6:20

నేను ఎర్రదే వాడాను జీవితమంతా. ఆర్క్ దానంత స్థిరంగా వేరేదానికి నిలవదని నా నమ్మకం. అయినా కుర్రాళ్లకి నువ్వు చెప్పిందే చెప్పాలి, వాళ్లు మాస్క్ పెట్టుకోరు కాబట్టి.

ఏ రంగుదైనా గ్రైండింగ్ గీతలు కొన వైపు పొడవునా ఉండాలి, అడ్డంగా కాదు. అడ్డంగా ఉంటే ఆర్క్ తాగినవాడిలా ఊగుతుంది. ఇనుము అరగదీసిన రాయి మీద టంగ్‌స్టన్ పెట్టొద్దు. అదే రాయితో స్టీలు కూడా రుద్దొద్దు. కొత్త సింకు మీద వారానికే తుప్పు చుక్కలు వచ్చాయని కస్టమర్ తిరిగొస్తే, స్టీలు మంచిది కాదని షాపువాడిని తిడతారు. ఆ ఇనుప రజను మన గ్రైండర్ నుంచే పోయి ఉంటుంది.

ఆటోనగర్_స్టీలుషెడ్ | మే 27, రాత్రి 8:40

గురువుగారూ, దొరికింది!

పదకొండింటికి టార్చ్ కాగాక మీరు చెప్పినట్టే కప్పు మూసి నురగ పెట్టాను. టోపీ మెడ చుట్టూ బుడగలే బుడగలు, సోడా పొంగినట్టు. విప్పి చూస్తే ఓ-రింగ్ ఎండిన చింతతొక్కలా ఉంది. ఒక చోట చీలిక కూడా. గోటితో తీస్తే రెండు ముక్కలైంది. చల్లారాక మళ్లీ అదే పరీక్ష చేస్తే ఒకటో రెండో బుడగలు, అంతే. ముందు తెల్ల వాషర్ కూడా ఒక పక్క కాలి నలుపెక్కింది.

ఈ టార్చ్ కొని మూడేళ్లయింది. ఇన్నాళ్లు సింకులకి 50 ఆంపుల్లో వాడినప్పుడు ఎప్పుడూ ఇంత కాగలేదు. కుర్రాడు 115లో గంటల తరబడి వేయడంతో బయటపడిందనుకుంటున్నాను. పక్క వీధిలోనే రింగు, వాషర్ దొరికాయి. రెండు సిలిండర్లు వెనక్కి ఇచ్చి గ్యాస్ వాడితో పెట్టుకున్న గొడవ తలుచుకుంటే సిగ్గేస్తోంది. రేపు వెళ్లి టీ తాగించాలి.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా ఎనిమిది జాయింట్లు వేశాను. ఒక్క చిల్లు లేదు. రంగు లేత బంగారం నుంచి కొంచెం నీలం వరకు. టంగ్‌స్టన్ వెండిలా ఉంది. బయట రోహిణి కార్తె ఎండ, లోపల ఫ్యాన్ లేదు, చొక్కా పిండితే బకెట్ నిండేది. అయినా పని ఆపాలనిపించలేదు.

పాలపైపు_పని | మే 27, రాత్రి 8:55

మంచిది. ఆ నీలం కూడా తగ్గాలి. 3, 4 ఆంపులు తగ్గించి కొంచెం వేగంగా వెళ్లండి, లేదా గ్యాస్ లెన్స్ (కప్పు లోపల ఉండే సన్నటి జాలీ) పెట్టండి. గ్యాస్ తిన్నగా, సుడి లేకుండా వస్తుంది. లోపల పర్జింగ్ మొదలుపెట్టారా?

ఆటోనగర్_స్టీలుషెడ్ | మే 27, రాత్రి 9:10

రెండో ఫ్లోమీటరు, గ్యాస్‌ని రెండు దారులుగా చీల్చే వై కనెక్టర్ తెచ్చాను. ఆఖరి మూడు జాయింట్లు పర్జింగ్‌తో వేశాను. ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా తీగ దూర్చి చూస్తే లోపల కూడా పైనలాగే సన్నటి గీత, మెరుపు. మా కుర్రాడు "అన్నా, లోపలే బాగుంది" అన్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పర్జింగ్ లేకుండా వేసినవి 31 ఉన్నాయి. వాటిలో పొద్దున వేసినవి బయట బాగానే ఉన్నాయి. వాటిని ఏదైనా యాసిడ్ పేస్టుతో లోపల కడిగి సరిపెట్టొచ్చా?

పాలపైపు_పని | మే 27, రాత్రి 9:24

పిక్లింగ్ పేస్టు రంగుని తీస్తుంది, పొక్కుల్ని తీయలేదు. పైగా అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియదు, లోపల ఎముక దాకా పోతుంది. సరైన గ్లౌజులు, ఆ యాసిడ్‌కి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర లేకుండా ఆ డబ్బా మూత తీయకండి. పైపు లోపల పూసి పూర్తిగా కడగడం ఇంకా కష్టం.

31 కోయాల్సిందే.

పటమట_పాతమేస్త్రి | మే 27, రాత్రి 9:40

కోయి బాబూ. జాయింట్‌కి రెండు వైపులా 10 మి.మీ. తీసెయ్యి, పైపు పొట్టిదవుతుంది కాబట్టి ముందు కొలతలు సరిచూసుకో. ఎక్కడ చాలకపోతే అక్కడ కొత్త ముక్క. పార్టీకి ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పు. కుర్రాడికి 26 నంబర్ టార్చ్ వేరేది కొనిపెట్టు, 115 ఆంపుల పనికి అది నయం.

సింగ్‌నగర్_షెడ్ | మే 28, ఉదయం 8:45

కొత్త గొట్టం తగిలించి, రెండు నిమిషాలు గ్యాస్ వదిలి, మొదటి జాయింట్ నేరుగా అసలు పని మీదే వేశాను. చిల్లు లేదు. తొమ్మిది నెలలుగా రోజూ పొద్దున పాత ముక్కల మీద ఎంత ఫిల్లర్ పోసానో లెక్కేస్తే గొట్టం నాలుగుసార్లు కొనొచ్చు.

ఆటోనగర్_స్టీలుషెడ్ | జూన్ 2, రాత్రి 8:05

46 అయ్యాయి. పైపు 700 మి.మీ. కొత్తది కలపాల్సి వచ్చింది. ఈ రోజు ఆ మేనేజర్ మళ్లీ వచ్చి, కెమెరా తీగ తనే తీసుకుని ఒక్కో జాయింట్ చూశాడు. రెండు గంటలు పట్టింది. రెండింటికి మాత్రం బయట ఇంకొంచెం బఫింగ్ చేయమన్నాడు, చేసిచ్చాను. బిల్లులో కోసిన జాయింట్ల ఖర్చు నేనే పెట్టుకున్నాను.

కుర్రాడు పాత ఓ-రింగ్ రెండు ముక్కల్నీ ఫ్లోమీటరుకి దారంతో కట్టాడు. తీయమంటే తీయడం లేదు.